అద్దెకు తెచ్చుకున్న పేరు

2025 రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం మా అన్న కొడుకు షికాగో నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడ మేం జొహర్ నమాజు చేసుకొని కూచున్నాం. అక్కడ వాడికి సహరీ వేళ.

"బాబాయ్, మొత్తం విన్నాక కాదంటే కాదను. ముందే కాదనొద్దు" అన్నాడు.

వాడు అక్కడ రాత్రిళ్లు పెట్రోలు బంకులో పనిచేస్తాడు. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా, అంటే అమెరికాలో ఇన్‌కంటాక్సు రిటర్నులు వేసే రోజుల్లో, పగలు ఒక టాక్సు ఆఫీసులో కూచుని వచ్చినవాళ్లకు రిటర్నులు నింపిపెడతాడు. అమెరికా వెళ్లిన మనవాళ్లంతా సాఫ్టువేరేనని ఇక్కడ అందరి నమ్మకం. దూదేకుల ఇంట్లో పుట్టి గుంటూరులో బి.కాం. చదివినవాడు అక్కడ ఏం చేస్తాడో ఎవరూ అడగరు.

ఆ ఆఫీసు ఒక పెద్ద కంపెనీకి ఫ్రాంచైజీ. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. దాని యజమాని పెద్దవాడైపోయాడు, అమ్ముకొని విశ్రాంతిగా ఉందామనుకుంటున్నాడు. అరవై వేల డాలర్లు అడుగుతున్నాడు. మావాడి దగ్గర ముప్పై వేలున్నాయి. బ్యాంకు అప్పిస్తుంది గానీ వడ్డీ కట్టాలి. వడ్డీ జోలికి పోవడం వాడికి ఇష్టం లేదు. మిగతా ముప్పై వేలు నన్ను సర్దమన్నాడు. మన లెక్కలో పాతిక లక్షల పైమాట.

ఆ డబ్బు నా దగ్గర ఉందని వాడికి తెలుసు. ఊరి చివర మా నాయన కొన్న స్థలాన్ని రెండేళ్ల కింద అమ్మాను. మా నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊళ్లు తిరిగి, పరుపులు కుట్టి కొన్న స్థలం అది. అమ్మగా వచ్చినదాంట్లో అమ్మాయికి ఇచ్చింది ఇచ్చి, మిగిలింది మా ఇద్దరి హజ్‌కూ ముసలితనానికీ అట్టిపెట్టాను. మా ఆవిడ ఫోన్ మాటలన్నీ విన్నది. "హజ్‌కని దాచిన డబ్బు" అన్నది. ఇంకేమీ అనలేదు.

నేను ముప్పై ఆరేళ్లు గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆడిటరు గారి దగ్గర గుమాస్తాగా చేశాను. 1982లో చేరి 2018లో మానేశాను. మిర్చి కమీషన్ కొట్ల లెక్కలు, జిన్నింగు మిల్లుల లెక్కలు, సేల్స్‌టాక్సు, 2005 నుంచి వ్యాటు, 2017లో జీఎస్టీ, అన్నీ ఈ చేతుల మీదుగా పోయినవే. కాబట్టి నా దగ్గరికి వచ్చింది ప్రేమ వ్యవహారమే అయినా లెక్క చూడకుండా ఒప్పుకోలేను. కాగితాలు పంపమన్నాను.

అమెరికాలో ఒక మంచి పద్ధతుంది. ఫ్రాంచైజీ అమ్మే కంపెనీ, సంతకాలకూ డబ్బుకూ కనీసం పద్నాలుగు రోజుల ముందు, కొనేవాడికి ఒక వివరాల పత్రం ఇచ్చి తీరాలి. అందులో ఇరవై మూడు అంశాలుంటాయి. ఏడో అంశంలో మొత్తం పెట్టుబడి ఎంతవుతుందో చెప్పాలి. పంతొమ్మిదో అంశంలో రాబడి గురించి చెప్పొచ్చు, చెప్పకపోయినా ఫర్వాలేదు. ఇరవయ్యో అంశంలో గత మూడేళ్లలో ఎన్ని దుకాణాలు తెరిచారు, ఎన్ని మూశారు అన్నది పట్టిక వేసి చూపాలి. ముందు ఏడాది వదిలేసి పోయినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు కూడా ఇవ్వాలి. డిక్షనరీ పక్కన పెట్టుకొని తరావీ నమాజు తర్వాత పది రాత్రులు చదివాను. చదివి మావాడికి రెండు పనులు చెప్పాను. వదిలేసిన వాళ్లకు ఫోన్ చెయ్యి. ఆ ముసలాయన దగ్గర మూడేళ్ల జమాఖర్చులు అడుగు.

జమాఖర్చులు వచ్చాయి. ఏడాదికి నాలుగు వందల రిటర్నులు. ఒక్కోదానికి సగటున రెండు వందల యాభై డాలర్లు. మొత్తం లక్ష డాలర్లు. వాడి కళ్లకు ఆ లక్షే కనిపించింది. నాకు కిందివి కనిపించాయి. కంపెనీకి రాయల్టీ, ప్రకటనల నిధి రెండూ కలిపి ఐదో వంతు, ఇరవై వేలు. ఇది లాభంలో వాటా కాదు, రాబడిలో వాటా. నీకు నష్టమొచ్చినా వాళ్లది వాళ్లకు పోవాల్సిందే. అద్దె నెలకు రెండు వేలు. పని నాలుగు నెలలే అయినా అద్దె పన్నెండు నెలలూ కట్టాలి, ఇరవై నాలుగు వేలు. సీజనులో పెట్టుకొనే మనుషుల జీతాలు ఇరవై ఐదు వేలు. ఇన్సూరెన్సు, కరెంటు, ఫోను, వీధిలో పంచే కాగితాలు, అన్నీ కలిపి పదకొండు వేలు. పోగా మిగిలేది ఇరవై వేలు.

బాగానే ఉందిగా అంటాడు మావాడు. అక్కడే ఆగితే బాగానే ఉంటుంది. కానీ అందులో వాడి కూలి ఉంది. అదే నాలుగు నెలలు ఎవరి దగ్గరో కూచుంటే వాడికి పన్నెండు వేలొస్తాయి, ఇప్పుడు వస్తున్నాయి కూడా. అది తీసేస్తే అరవై వేల పెట్టుబడికి వచ్చేది ఎనిమిది వేలు. అదీ నాలుగు వందల మందీ మళ్లీ వస్తేనే. యజమాని మారాడని అరవై మంది రాలేదనుకోండి. పదిహేను వేల రాబడి పోతుంది, రాయల్టీ మూడు వేలు తగ్గుతుంది. అద్దె తగ్గదు, జీతాలు తగ్గవు. ఇరవై వేలు కాస్తా ఎనిమిది వేలవుతుంది. అంటే అరవై వేలు పెట్టి, కూలికంటే నాలుగు వేలు తక్కువకు పనిచేస్తున్నట్టు. ఎవరి దగ్గర? తన దగ్గరే.

పైగా ఇది ఏటేటా పెరిగే వ్యాపారమన్న భరోసా లేదు. చేతనైనవాళ్లు ఇంట్లోనే కంప్యూటర్లో రిటర్ను వేసుకుంటున్నారు. 2017 చివర్లో చేసిన చట్టం మామూలు మినహాయింపును దాదాపు రెట్టింపు చేసింది, దాంతో చాలామందికి పద్దులు విడివిడిగా రాసే పని తప్పింది. తక్కువ రాబడి ఉన్నవాళ్లకు ఉచితంగా రిటర్నులు నింపిపెట్టే వలంటీర్లను అక్కడి టాక్సు శాఖే ప్రోత్సహిస్తుంది. 2024లో ఆ శాఖ సొంతంగా ఉచిత ఫైలింగు పద్ధతి ఒకటి మొదలుపెట్టింది, 2025 సీజను తర్వాత ఆపేసింది. ఆపేశారు కదా బాబాయ్ అని సంబరపడ్డాడు మావాడు. ప్రభుత్వం ఒక్క కలం పోటుతో మొదలుపెట్టగలిగిందీ ఆపగలిగిందీ మళ్లీ మొదలుపెట్టగలదు. అట్లాంటి కలం పోటు మీద హజ్ డబ్బు పెట్టొచ్చా?

లెక్కలో ఇంకో సంగతి ఉంది. అది అడిగింది నేను కాదు, మా ఆవిడ. "అంత డబ్బిచ్చి వాళ్ల దగ్గరికి ఎవరొస్తారు?" అంది. ఎక్కువగా వచ్చేది బీదవాళ్లే. అమెరికాలో తక్కువ సంపాదన ఉన్న కుటుంబాలకు టాక్సు రిటర్ను ద్వారా ప్రభుత్వమే ఎదురు డబ్బిస్తుంది. పిల్లలున్నవాళ్లకు అది కొన్ని వేల డాలర్లు ఉంటుంది. ఏడాదికొకసారి వాళ్ల చేతికొచ్చే పెద్దమొత్తం అదే. దానికోసం జనవరి నెలాఖరుకే వచ్చి కూచుంటారు. ఒకప్పుడు ఈ దుకాణాలు ఆ రీఫండు మీద ముందే అప్పిప్పించేవి. వారం పది రోజుల అప్పు మీద పట్టుకొనే ఫీజును ఏడాది వడ్డీగా లెక్కగడితే కొన్నిసార్లు నూటికి నూరు దాటేది. 2010లో టాక్సు శాఖ ఆ అప్పులకు ఆధారమైన సమాచారం ఇవ్వడం మానుకుంటానంది. 2012 నాటికి పెద్ద బ్యాంకులు తప్పుకొన్నాయి. ఇప్పుడు ఇచ్చే అడ్వాన్సుకు చాలాచోట్ల వడ్డీ లేదంటారు. కానీ అడ్వాన్సు కోసం వచ్చినవాడు రిటర్ను అక్కడే వేయించుకోవాలి. చేతిలో పైసా లేనివాడి ఫీజు అతని రీఫండులోంచే కోసుకుంటారు. అట్లా కోసుకొనేందుకు మళ్లీ ఒక ఫీజు.

ఖురాన్ వ్యాపారాన్ని హలాల్ చేసి వడ్డీని హరామ్ చేసిందని మాకు చిన్నప్పుడే చెప్పారు. ఇది వ్యాపారమా వడ్డీనా? వాడు అక్కడ ఒక మౌల్వీ గారినడిగాడట. ఫీజు పనికి తగ్గదైతే వ్యాపారమే, అప్పుకు తగ్గదైతే ఆలోచించుకో అన్నాడట ఆయన. మంచి జవాబు. మా ఆవిడ ప్రశ్న మాత్రం ఇంకా పదునుగా ఉంది. "ఆ డబ్బు తిరిగి మన చేతికొచ్చాక దాంతో హజ్‌కు పోవచ్చా?" అంది. నేను జవాబు చెప్పలేదు.

ఇదంతా వాడికి ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పాను. విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "లెక్క నాకూ తెలుసు బాబాయ్. కానీ ఆ బోర్డు కింద కూచుంటే నన్నెవరూ పేరు అడగరు."

అప్పుడుగానీ వాడు కొనబోయేది ఏమిటో నాకు అర్థం కాలేదు.

మా ఇళ్లల్లో పేర్లు దర్గాల నుంచి వస్తాయి. సైదులు, మస్తాను, నాగూరు. ఒకే ఇంట్లో హిందువు పేరులా వినపడేదీ ముస్లిము పేరులా వినపడేదీ రెండూ ఉంటాయి. తురకం రాదని తోటి ముస్లిములు నవ్వుతారు. తురకోళ్లని మిగతావాళ్లు అద్దె ఇళ్లివ్వరు. మావాడు అమెరికాలో తన పేరును మూడక్షరాలకు కుదించుకున్నాడు. బంకులో చొక్కా మీద ఆ మూడక్షరాలే ఉంటాయి. ఆ మూడక్షరాలను ఏ మతంవాళ్లయినా పెట్టుకోవచ్చు.

ఈ టాక్సు దుకాణాల వ్యాపారాన్ని అమెరికాలో పెద్దది చేసింది హెన్రీ, రిచర్డ్ అనే ఇద్దరు అన్నదమ్ములు. కాన్సస్ సిటీలోని యూదు కుటుంబం. 1955లో అక్కడి టాక్సు శాఖ జనానికి ఉచితంగా రిటర్నులు నింపిపెట్టడం ఆపేస్తున్న సమయంలో వాళ్లు ఈ పని మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడాది న్యూయార్కు వెళ్లి, అక్కడి శాఖను ఇద్దరు అకౌంటెంట్లకు అమ్మేశారు. ఈ రంగంలో ఫ్రాంచైజీ అట్లా పుట్టింది. మావాడు కొనాలనుకున్నది వాళ్ల కంపెనీ కాదు. కానీ వాళ్ల పేరు కథ నన్ను పట్టుకుంది. వాళ్ల ఇంటిపేరు బ్లాక్ కాదు. చివర 'కె' బదులు 'హెచ్' ఉండే జర్మన్ పేరు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'బ్లాచ్' అని పలికితే మచ్చ అని అర్థమొస్తుంది. అందుకని బోర్డు మీద మాత్రం 'హెచ్ అండ్ ఆర్ బ్లాక్' అని రాసుకున్నారు. యూదులమని దాచుకోవడానికి కాదు, పలకడం తేలికవుతుందని. ఇంట్లో వాళ్ల పేరు మారలేదు. హెన్రీ 2019లో చనిపోయేదాకా తన పాత ఇంటిపేరుతోనే ఉన్నాడు.

పేరు మచ్చ కావడమంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది 1991లో. ఆ మరుసటి ఏడాది డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. నా బోర్డు కథ ఆ తర్వాత ఏడాదిది.

1993లో నాకు సొంతంగా కూచోవాలని బుద్ధి పుట్టింది. మిర్చి యార్డు షావుకార్లు ఇద్దరు ముగ్గురు, "నువ్వు బయట కూచో సాయిబూ, మా పుస్తకాలు నీకే ఇస్తాం" అన్నారు. ఒక గది చూసి అయిదు వందలు అడ్వాన్సిచ్చాను. గది యజమానికి నా పని తెలుసు, మనిషిని తెలుసు, పేరు మాత్రం పూర్తిగా తెలియదు. రేకు బోర్డు రాయించి తెచ్చాను. పచ్చ రంగు కూడా కాదు, నీలం మీద తెలుపు. బోర్డు చూసి ఆయన లోపలికెళ్లి అయిదు వందలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ మీద నాకేం లేదు. రోజులు బాగాలేవు" అన్నాడు. షావుకార్ల దగ్గరికి వెళ్తే వాళ్లూ రోజుల గురించే చెప్పారు. ఆ సాయంత్రమే బ్రాడీపేట వెళ్లి మళ్లీ నా కుర్చీలో కూచున్నాను. ఆడిటరు గారు మంచివాడు, ఏమీ అడగలేదు. ఇంకో పాతికేళ్లు ఆయన బోర్డు కింద పనిచేశాను. ఆ కాలమంతా నన్నెవరూ పేరడగలేదు. "ఆడిటరు గారి గుమాస్తా" అంటే చాలు, ఏ ఆఫీసులోనైనా కుర్చీ వేసేవాళ్లు.

కాబట్టి మావాడి మాటను తేలిగ్గా తీసేయలేను. అరువు బోర్డు కింద నీడ ఉంటుంది. నేను అనుభవించాను. 2024 జులైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలో హోటళ్లవాళ్లంతా యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు హుకుం జారీ చేశారు. జులై 22న సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. పేరు దాచుకుంటే దొంగ అంటారు, రాస్తే రానంటారు. అట్లాంటి కాలంలో ఐదో వంతు అద్దె కట్టి ఎవరికీ అనుమానం రాని పేరొకటి తెచ్చుకుంటానంటే వాణ్ణి పిరికివాడనడానికి నాకు నోరు రాదు.

కానీ నీడకిచ్చే అద్దె మొత్తం ఎంతో కూడా నాకే తెలుసు. 2018లో నేను మానేసిన రోజు దండ వేశారు, శాలువా కప్పారు. మర్నాడు ఒక్క షావుకారు కూడా నాకు ఫోన్ చెయ్యలేదు. తప్పు వాళ్లది కాదు. ముప్పై ఆరేళ్లు వాళ్లు నా దగ్గరికి రాలేదు, బోర్డు దగ్గరికి వచ్చారు. నేను కట్టిన నమ్మకమంతా ఆ బోర్డు ఖాతాలో జమైంది. మావాడు పంపిన కాగితాల్లో ఇదే సంగతి రాతపూర్వకంగా ఉంది. ఒప్పందం ముగిస్తే ఖాతాదారుల పట్టిక కంపెనీదే, ఫోన్ నంబరు కంపెనీదే. ఆ చుట్టుపక్కల కొన్ని మైళ్ల లోపల రెండేళ్లపాటు ఆ పని చెయ్యకూడదు. అంటే పదేళ్లు కూచుని లేచినరోజు వాడికి మిగిలేది నాకు మిగిలినట్టే, ఒక శాలువా. అరవై వేలు ఎక్కువ ధర అని నేను కాదనడం లేదు. ఎంత కట్టినా అది కొనుగోలు కాదు, అద్దె. అందుకని కాదన్నాను.

అట్లాగని ఈ బేరం అందరికీ చేటని అనను. రెండు మూడు దుకాణాలు కలిపి నడపగలిగినవాడికి, ఒక మేనేజరు, ఒక అద్దె మీద పని సాగించుకోగలిగినవాడికి, మిగతా ఎనిమిది నెలలకు పుస్తకాలు రాసే పని దొరికేవాడికి, ఖాతాదారులు తిరిగొచ్చేదాన్నిబట్టి విడతలుగా చెల్లించేలా ఒప్పందం కుదుర్చుకొన్నవాడికి గిట్టుబాటు కావచ్చు. అసలే పని రానివాడికి కంపెనీ నేర్పే పని కూడా విలువైనదే. మావాడికి పని వచ్చు. వాడికి లేనిది ధైర్యం. అది కంపెనీ అమ్మదు.

వదిలేసినవాళ్లలో ముగ్గురికి వాడు ఫోన్ చేశాడు. ఒకాయన మాట్లాడలేదు. ఒకామె కంపెనీని తిట్టలేదు, "నా కస్టమర్లు నా దగ్గరికి రాలేకపోతున్నారు" అన్నదట. మూడో ఆయన మాత్రం ఒక దారి చెప్పాడు. అక్కడ రిటర్నులు నింపడానికి టాక్సు శాఖ ఇచ్చే నంబరుకు ఏటా ఇరవై డాలర్లు కూడా కాదు. వేలిముద్రలిచ్చి, తనిఖీ అయితే, రిటర్నులు కంప్యూటర్లో పంపే అనుమతి కూడా ఆ శాఖే ఇస్తుంది. మూడు పరీక్షలు పాసైతే ఎన్‌రోల్డ్ ఏజెంటు అవుతారు, టాక్సు శాఖ ముందు జనం తరఫున నిలబడొచ్చు. వీటిలో దేనికీ ఎవరి బోర్డూ అక్కర్లేదు.

నేను వాడికి చెప్పింది ఇది. పాతిక లక్షలు ఇవ్వను. పరీక్షల ఫీజులు, ఒక సాఫ్టువేరు, ఎవరి ఆఫీసులోనైనా ఒక బల్లకు నాలుగు నెలల అద్దె, ఇవి నేను పెట్టుకుంటాను. ఆరు లక్షలు దాటదు. అది అప్పు కాదు. పోతే మా నాయన స్థలంలో నీ వాటా అనుకో. మొదటి ఏడాది అరవై మంది వస్తారేమో, నలభై మందే వస్తారేమో. వాళ్ల దగ్గర సగం ఫీజు తీసుకో. అడ్వాన్సులూ రీఫండులోంచి కోతలూ వద్దు. ఉచితంగా చేసేచోటు ఉందని బీదవాళ్లకు నువ్వే చెప్పు. పేరు చూసి వెనక్కి పోయేవాళ్లు పోతారు. వచ్చినవాళ్లు మాత్రం నీ దగ్గరికి వచ్చినట్టు.

"పేరు చూసి ఎవరూ రాకపోతే?" అన్నాడు.

"బంకు ఉందిగా" అన్నాను. అంతకంటే ధైర్యం చెప్పలేకపోయాను. 1993లో నాకెవరూ ఆ మాత్రం కూడా చెప్పలేదు.

మా ఆవిడ హజ్ దరఖాస్తు కాగితాలు తీసి బీరువాలోంచి బల్ల మీద పెట్టింది. అది ఆమె జవాబు.

మొన్న వాడు మళ్లీ ఫోన్ చేశాడు. మూడు పరీక్షల్లో ఒకటి పాసయ్యాడు. దేవాన్ అవెన్యూలో ఒక ట్రావెల్ ఆఫీసులో బల్ల మాట్లాడుకున్నాడు. "బాబాయ్, చిన్నప్పుడు మన కోళ్లగూడు మీద కప్పిన నీలం రేకు గుర్తుందా? దానిమీద నీ పేరు కూడబలుక్కొనే నేను అక్షరాలు నేర్చుకున్నా" అన్నాడు. గుర్తులేకేం. ఆ రేకు వానలకు తుప్పుపట్టి పోయేదాకా అక్కడే ఉంది.

"బోర్డు మీద మూడక్షరాలు రాయించనా, మొత్తం పేరు రాయించనా?" అని అడిగాడు.

మొత్తం రాయించమన్నాను. పట్టకపోతే బోర్డు పెద్దది చేయించమన్నాను.